నలభై తొమ్మిది పీటలు

మొదటి వాంగ్మూలం. తలుపు మళ్ళీ నిద్రపోవడానికి ఇంకా తొమ్మిది రోజులు.

రాతపెట్టె మీద పచ్చదీపం వెలిగింది. వింటున్నట్టే లెక్క.

నా పేరు దాలమ్మ. వయసు పాతభూమి లెక్కలో ఎనభై ఒకటి, ఈ ఎర్రనేల లెక్కలో నలభై మూడు. నన్ను మూలన కూర్చోబెట్టాలనుకునేవాళ్ళు మొదటి లెక్క చెబుతారు. నేను రెండోదే చెబుతాను. నాకు అక్షరం రాదు. నేను చెప్పేదాన్ని ఈ పెట్టె పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తుందట, దిద్దుకోనీ. మనుషులు నోటితో అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. రేపు పంచాయతీలో "నేనలా అనలేదు" అని ఎవరూ జారుకోకూడదు.

నా మీద అభియోగం ఇది. మా అంకెలపాట తప్పిందట. ముసలితనం వల్ల నేనే తప్పు నేర్పానట. అందువల్ల విత్తుల గది తలుపు రెండుసార్లు కాదు పొమ్మందట. అందువల్ల పాడే ఆడవాళ్ళ వరసను ఎత్తేసి, ఇకమీదట అన్నీ యంత్రానికే అప్పగిస్తారట.

ఆ తలుపు ఆరేళ్ళకొకసారి నిద్రలేస్తుంది. లేచి నాలుగంకెల సంఖ్య ఒకటి అడుగుతుంది. దాన్ని మా పాటలో ఉన్న పెద్ద సంఖ్యతో హెచ్చవేసి, అంటే గుణించి, వచ్చిన జవాబును ఒక్క అంకె పొల్లుపోకుండా చెప్పాలి. మా పాట నలభై ఎనిమిది చరణాలు. చరణానికి నాలుగంకెలు. చరణానికొక ఆడమనిషి. పాట మా గొంతుల్లో ఉంటుంది, హెచ్చవేత యంత్రంలో జరుగుతుంది. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరవాలని దాన్ని పెట్టిన పెద్దల ఆలోచన. మూడుసార్లు తప్పితే ముప్పై ఏళ్ళు తెరుచుకోదు. ఇప్పటికి రెండు అయిపోయాయి.

లోపల ఉన్నది చోళ్ళు, కొందరు రాగులంటారు. ఊరికి గాలి పట్టి ఉంచే మా గాలిపందిరి కింద వేసిన చోడి పాతబడిపోయి, పోయిన పంటకారులో నూటికి మూడు మొలిచాయి. ఈసారి కొత్త విత్తనం దొరక్కపోతే ఇక చోడంబలి ఉండదు. తొట్టెల్లో పెంచిన పాచిముద్దే పొద్దునా, సాయంత్రమూ. పాచిముద్ద తింటూ ముప్పై ఏళ్ళు బతకవచ్చు. బతుకుతారు కూడా. కానీ ఎందుకో నాకు తెలియదు.

నా పాట తప్పలేదు. ఇది నా మాట. రాసుకో.

రెండో వాంగ్మూలం. ఇంకా ఎనిమిది రోజులు.

ఇవాళ యంత్రం గదికి వెళ్ళాను. నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెడుతున్నాయి, నెమ్మదిగా చెబుతాను.

యంత్రం చూసేది తవిటయ్య. మా చెల్లెలి కొడుకు. బట్టతల వచ్చింది, మనవలు వచ్చారు, నన్ను చూస్తే మాత్రం ఇప్పటికీ వెనక్కి రెండడుగులు వేస్తాడు. యంత్రానికి చదివి వినిపించే ఆజ్ఞలను స్క్రిప్టు అంటారు. ఎప్పుడూ కావలసిన లెక్కలన్నీ ముందే రాసి కట్టిపెట్టుకున్న స్క్రిప్టుల మూటను లైబ్రరీ అంటారు. వాళ్ళ నాన్న నాటి లైబ్రరీ నత్తలా నడుస్తోందని, రెప్పపాటులో లెక్క తేల్చే కొత్త లైబ్రరీ వీడు రాశాడు. పాట కూడా వాళ్ళ నాన్నలా విని వేళ్ళతో కొట్టనక్కరలేదు, యంత్రమే చెవి పెట్టి వింటుంది. ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను, ఒప్పుకుంటాను.

పంచాయతీ పెద్ద పైడమ్మ వదినను కూడా వెంట తీసుకుపోయాను, సాక్షి కావాలి కదా.

"తలుపుకి నువ్వు సెప్పిన జవాబు ఓపాలి సదువురా," అన్నాను.

చదివాడు. మొదటి పదహారు అంకెలు దర్జాగా చదివాడు. ఆ తరువాత, "సున్న, సున్న, సున్న, సున్న..."

"ఎందాకా?"

"సివరిదాకా, పెద్దమ్మా."

నాకు నవ్వాగలేదు. పైడమ్మ వదిన నాకు పిచ్చెక్కిందనుకుని మంచినీళ్ళు తెమ్మంది.

"ఒరే తవిటీ, మా పాట సివరంకి ఏటి?"

"ఏడు."

"తలుపు అడిగినదాని సివరంకి?"

"ఆరువేల తొమ్మిదొందల మూడు గదా. మూడు."

"ఏడు మూళ్ళు?"

"ఇరవయ్యొకటి."

"మరి జవాబు సివర ఏటుండాల?"

వాడు తెర వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఒకటి," అన్నాడు.

"నీ యెంత్రం సివర గుడ్డు పెట్టింది," అన్నాను. "ముందు పదారు అంకెలు ఏరుకుని, తోకంతా నరికీసి, ఆ సోటులో సున్నలు అతికించింది. రెండుపాలులూ అదే సెప్పినావు తలుపుకి. నిందేమో నా పాట మీదికి!"

పైడమ్మ వదిన గంభీరంగా, "ఇది రాసుకోవాల," అంది. రాతపెట్టె నా చంకలోనే ఉందన్నాను.

మూడో వాంగ్మూలం. ఇంకా ఆరు రోజులు.

తవిటయ్య రెండు రోజులుగా తిండి మానేశాడని వాళ్ళావిడ చెప్పింది. నేను వెళ్ళేసరికి యంత్రం ముందు బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.

"ఏటైపోయిందో తెలిసింది పెద్దమ్మా. బేగి అవ్వాలని నేను వాడిన గడిలో ఇమిడీది పదారు అంకెలే. అంతకన్నా పెద్దదొస్తే తలకాయ ఉంచుకుని తోక ఒగ్గేస్తాది. నూటతొంభై అంకెలు పట్టే గడి దానికి అసలు నేదు."

"ఉండక్కర్నేదు," అన్నాను. "నీ యెంత్రానికి ఒకటే గిన్నె ఇచ్చినావు. గిన్నె పెద్దది సెయ్యకు. గిన్నెలు వరసగా పెట్టు."

నా వామనగుంటల పీట తెప్పించాను. మా వరసలో ప్రతి ఆడమనిషి దగ్గరా ఒకటి ఉంటుంది. నాలుగు గుంటలు, గుంటకు తొమ్మిది గులకరాళ్ళకు మించి పట్టవు. చరణం నేర్పేది దీనిమీదే. మా అమ్మమ్మ కాలంలో, యంత్రం రెండేళ్ళు చెడిపోయినప్పుడు, హెచ్చవేత కూడా దీనిమీదే చేశారు.

"మా పాట ఆఖరి సరణం నాలుగువేల ఎనిమిదొందల ఇరవయ్యేడు. దాన్ని తలుపు అడిగినదాంతో హెచ్చీసి సెప్పు."

"మూడు కోట్ల ముప్పైమూడు లచ్చల ఇరవైవేల ఏడొందల ఎనభయ్యొకటి."

"అందులో సివరి నాలుగంకెలూ ఈ పీటలో ఉండిపోతాయి. ముందున్న మూడువేల మూడొందల ముప్పై రెండూ సిప్పలో పోసి ఎడమపక్క పీటకి ఇచ్చీ. ఆవిడ తన సరణం హెచ్చీసుకుని, ఈ సిప్ప అందులో కలుపుకుని, తన నాలుగూ ఉంచుకుని, మిగిలింది తన ఎడమకి ఇస్తాది. ఎంతమంది కూకుంటే అంత లెక్క. వందమంది కూకున్నా తోక నరకక్కర్నేదు."

తవిటయ్య లేచి గెంతాడు. పాతభూమి లెక్కలో యాభై దాటినవాడు గెంతడం నేను మొదటిసారి చూశాను. సాయంత్రానికల్లా కొత్త లైబ్రరీ రాసేశాడు. సంఖ్యను నాలుగేసి అంకెల పెట్టెలుగా తరిగి, కుడి నుంచి ఎడమకు చిప్పలు అందించే లైబ్రరీ. ముందుగా ఆఖరి పెట్టె చదివి వినిపించాడు.

"ఏడు, ఎనిమిది, ఒకటి."

"నాలుగోదేది?"

"నాలుగోది నేదు పెద్దమ్మా, అది సున్నే."

"సున్నయితే నేదంటావేటిరా! నాలుగు గుంటల్లో ఒకటి కాళీగా ఉందని గుంట పూడ్చీసినావా? దానెనకాల సరుకంతా ఒక్కో అడుగు పక్కకి జరిగిపోదూ! కాళీ గుంట కూడా గుంటే. దాని సోటు దానికుండాల."

బాగా తిట్టాను. వాడు తల ఊపుతూ దిద్దాడు. ఇంటికి వస్తూ దారంతా నాలో నేనే మురిసిపోయాను. ఆ మాట అన్నది నేనేనని ఇక్కడ ప్రత్యేకంగా రాయించుకుంటున్నాను. రేపు పంచాయతీలో పనికొస్తుంది.

నాలుగో వాంగ్మూలం. ఇంకా మూడు రోజులు.

యంత్రం ఒక్కదాన్నే నమ్మి మూడో మాట చెప్పేది లేదని పైడమ్మ వదిన తేల్చేసింది. యంత్రమూ చెయ్యాలి, వరసా చెయ్యాలి, రెండూ ఒకటైతేనే తలుపు దగ్గరకు వెళ్ళాలి. నాకు కావలసిందీ అదే.

ఎవరి చరణం వాళ్ళు ఇంట్లోనే రెండు రోజులు హెచ్చవేసుకున్నారు. పొయ్యి దగ్గర ఎక్కాలు, తొట్టెల దగ్గర ఎక్కాలు, ఊరంతా తేనెటీగల పట్టులా రొద. ఇవాళ పొద్దున్నే పందిరి కింద పీటలు పరిచారు. కుడి చివర ఆఖరి చరణం, ఎడమ చివర మొదటి చరణం, దానికి కూడా ఎడమన నేను. నాకు చరణం లేదు. మొదటి చరణం దగ్గర కూడా పట్టక మిగిలింది వచ్చి నా పీటలో పడుతుంది. దాన్ని పెద్దపీట అంటారు.

మొదలుపెట్టే ముందు ఎప్పటిలాగే అసిరమ్మను లేపాను. అసిరమ్మ నా తోడికోడలు. కుడి నుంచి ముప్పై ఒకటోది తనది, ఖాళీ చరణం. నాలుగూ సున్నలే. వరస పెద్దరికం నాకు వచ్చిన ఏడాది అసిరమ్మ ఖాళీ పీట ఒళ్ళో పెట్టుకుని తలుపుకు ఎదురుగా కూర్చుంది. ఆ కారు పంట పాడైంది. శుభమా అని విత్తనం కోసం వెళ్తూ ఖాళీ కుండ ఎదురు పెట్టుకుంటామా! అప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళుగా అదే పద్ధతి. ఆ చరణం నోటితో అనం, నాలుగు చప్పట్లు కొట్టి దాటేస్తాం. అసిరమ్మ లేచి నీళ్ళతొట్టె వెనక్కి వెళ్ళి అటు తిరిగి నిలబడుతుంది.

"ఎలిపోతన్నానప్పా," అంది, రోజూ అన్నట్టే.

వరసలోవాళ్ళు దగ్గరదగ్గరగా జరిగారు. లెక్క మొదలైంది.

ఎంత బాగుందో చెప్పలేను! చిప్ప చేతులు మారుతుంటే గులకరాళ్ళు గలగల. "ఇందా, నా మిగులు!" "ఓలమ్మో, ఇంత పోసీసినావేటే!" "నీ సిప్ప బరువు సూస్తే నా సరణం సిగ్గుపడిపోతంది!" ఒకావిడకు తొమ్మిదికి ఒకటి కలిసి గుంట పొర్లి, అది పక్క గుంట మీద, అది ఆ పక్క గుంట మీద పొర్లి, నాలుగూ ఒకేసారి ఖాళీ అయితే వరసంతా ఈలలు వేశారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూర్చునే చిందులు తొక్కారు. మధ్యాహ్నానికి ఆఖరి చిప్ప నా పెద్దపీటలో పడింది.

తవిటయ్య యంత్రం జవాబు చదివాడు. మేము ఎడమ నుంచి ఒక్కో పీటే చెబుతూ వచ్చాం. ఒక్క రాయి తేడా లేదు! ఒకరినొకరు కౌగిలించుకుని అరిచాం. పైడమ్మ వదిన సైతం పళ్ళు కనబడేలా నవ్వింది.

రేపే తలుపు దగ్గరకు.

ఐదో వాంగ్మూలం. ఇంకా రెండు రోజులు.

ఈ వాంగ్మూలం నాకు చెప్పాలని లేదు. చెబుతున్నాను.

తలుపు ముందుకు అందరం చేరాం. వరసలో కూర్చున్నాం. జవాబు చెప్పేముందు కడుపు నింపుకోవాలని నా చేత్తో చేసిన పాచిముద్దలు పంచాను. పంచాక బుట్టలో ఒకటి మిగిలింది.

"నీ లెక్క తప్పిందేటి పెద్దమ్మా?" అని తవిటయ్య ఎగతాళి చేశాడు.

"నా లెక్కెప్పుడు తప్పిందిరా? నలభై తొమ్మిది సేసినాను. అది అసిరమ్మది. దాని సరణం కాళీ, అందుకని వరసలో కూకోదు."

ఆ ముద్ద కోసం బుట్టలో పెట్టిన తవిటయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ సరణం?"

"కాళీది. నాలుగు సప్పట్లది."

"పెద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నా యెంత్రంలో నలభై యేడు సరణాలే ఉన్నాయి. సప్పట్లు అది ఇన్నా సప్పుడనుకుని ఒగ్గేస్తాది. మా నాన్న సప్పట్లు ఇని నాలుగు సున్నలు కొట్టీవోడు గావాల."

యంత్రమూ నలభై ఏడే విన్నది. మేమూ నలభై ఏడే కూర్చున్నాం. రెండు లెక్కలూ ఒకటయ్యాయి, ఎందుకంటే రెండిట్లోనూ ఒకే తప్పు ఉంది. అసిరమ్మ కుడిపక్కావిడ తన చిప్ప అసిరమ్మకు ఇవ్వాలి. ఆ చోటు లేదు కాబట్టి దాని ఎడమావిడకు ఇచ్చింది. అక్కడి నుంచి పదిహేడు చరణాలూ తమవి కాని చోట్లలో కూర్చున్నాయి. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే తలుపుకు ఆ జవాబే చెప్పేవాళ్ళం. నవ్వుకుంటూ చెప్పేవాళ్ళం.

ఖాళీ గుంట కూడా గుంటే అని తవిటయ్యను తిట్టిన నోరు ఇదే. మూడో వాంగ్మూలంలో ఉంది, చూసుకోండి.

నీళ్ళతొట్టె వెనక్కి వెళ్ళాను. అసిరమ్మ అటు తిరిగే ఉంది.

"రావే, వొచ్చి కూకో," అన్నాను.

"పద్దెనిమిదేళ్ళు ఎలిపో, ఎలిపో అన్నావు. ఇప్పుడు రా అంటే వొచ్చీయాలేటి?"

"తలుపు తెరుసుకోదే."

"నా కాళీ పీట ఎదురొస్తే అరిష్టం గదప్పా?"

నేను తల దించుకున్నాను. అది చూసి వరసంతా బిత్తరపోయింది.

"ఒక మాట అడుగుతాను," అంది అసిరమ్మ. "లెక్క మొదలెట్టకముందు నీ పెద్దపీటలో ఏటుంటాది?"

"ఏటీ ఉండదు."

"మరి నువ్వు రోజూ తలుపుకెదురుగా కూకుంటావు గదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెనకే వరసంతా. పైడమ్మ వదిన పమిట నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, ఏది ముందో చెప్పలేను.

"వొస్తాను," అంది అసిరమ్మ. "నా సరణం తలుపు ముందర నువ్వే పాడాల. సప్పట్లు గాదు. నోటితో."

ఆరో వాంగ్మూలం. చివరి రోజు.

నిన్న సాయంత్రమంతా అసిరమ్మ నుంచి ఎడమకు పదిహేడు పీటలూ మళ్ళీ లెక్క వేశాం. అసిరమ్మ చరణం దేనితో హెచ్చవేసినా సున్నే. కానీ కుడిపక్క నుంచి చిప్ప వచ్చింది. ఆరువేల రెండువందల తొంభై మూడు. అది మొత్తం అసిరమ్మ పీటలోనే పట్టింది. ఎడమకు ఇవ్వడానికి ఒక్క రాయి కూడా మిగల్లేదు. పద్దెనిమిదేళ్ళ తరువాత వరసలో కూర్చుని, తన గుంటల్లో రాళ్ళు పడుతుంటే అసిరమ్మ వాటిని ఒక్కొక్కటే వేలితో తాకి చూసుకుంది.

యంత్రానికి పాటంతా మళ్ళీ నేనే పాడాను. ఖాళీ చరణం రాగానే చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. "సున్న, సున్న, సున్న, సున్న," అని రాగం తీసి పాడాను. యంత్రం నలభై ఎనిమిది విన్నది. హెచ్చవేసింది. మా పీటలతో సరిపోయింది.

తలుపు ముందు నలభై తొమ్మిది పీటలు వేశాం. ముందుగా అసిరమ్మకు ఇచ్చిన మాట. తలుపుకు ఎదురుగా నిలబడి ఆ నాలుగు సున్నలూ పాడాను. భయంతోనే. పైన పందిరి కూలలేదు.

తరువాత జవాబు. పెద్దపీట నేను చెప్పాను. మొదటి చరణం, రెండో చరణం, ఒక్కొక్కరే. ప్రతి నాలుగంకెలకూ తలుపు లోపల ఒక గడియ పక్కకు జరిగిన చప్పుడు. పద్దెనిమిది చప్పుళ్ళయ్యాయి. అసిరమ్మ వంతు వచ్చింది. గొంతు సవరించుకుంది.

"ఆరు, రెండు, తొమ్మిది, మూడు!"

గడియ జరిగింది. తవిటయ్య నా భుజం పట్టుకున్న చోట ఇప్పటికీ కమిలి ఉంది. చివరివరకూ వెళ్ళాం. ఆఖరి పీట ఆవిడ చెప్పింది: "సున్న, ఏడు, ఎనిమిది, ఒకటి." సున్నను గట్టిగా నొక్కి చెప్పింది. తవిటయ్య తల దించుకున్నాడు.

ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు. తరువాత తలుపు ఆవలించింది.

లోపలి నుంచి చల్లగాలి, దానితో చోళ్ళ వాసన. పొడిగా, కమ్మగా, గడ్డిలాగా. నలభై తొమ్మిదిమందిలో ఎవరం ముందు అరిచామో తెలియదు. తవిటయ్య మళ్ళీ గెంతాడు. పైడమ్మ వదిన చోడిగింజ ఒకటి నోట్లో వేసుకుని, "విత్తనం తినీసినాను, నన్నెవలూ పంచాయితీకి ఈడ్చకండి," అంది.

ఏడో వాంగ్మూలం. చోడి కోసిన రోజు.

పంచాయతీవారికి. వరసను ఎత్తేసే ఆలోచన మానుకున్నారని చెప్పారు, సంతోషం. తవిటయ్యను యంత్రం నుంచి తప్పించాలని, ఆ సున్నలు బయటపడ్డ రోజు నేను నోటితో వేసిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. వాడి లైబ్రరీ ఇప్పుడు మంచిది. పాటలో తప్పు లేదన్నాను, నిజమే. పాడినదానిలో ఉంది. ఆ తప్పు పేరు దాలమ్మ. అలాగే రాసి ఉంచండి. ఆరేళ్ళ తరువాత తలుపు లేచినప్పుడు నేను ఉంటే ముప్పై ఒకటో పీట మీద కూర్చుంటాను. పెద్దపీట అసిరమ్మకు.

ఇవాళ పొద్దున చోడంబలి కాచాను. కుండ దించుతుంటే గుమ్మంలోంచి అసిరమ్మ వస్తోంది, చేతిలో ఖాళీ గిన్నె, నాకు సరిగ్గా ఎదురుగా. వెనకటి అలవాటు కాళ్ళను పక్కకు లాగింది. నేను జరగలేదు.

"కాళీ గిన్నెతో ఎదురొచ్చీసినాను, ఏటి సేస్తావప్పా?" అంది.

నిండా పోశాను.